పెద్దమేస్త్రి సెలవు పెడితే పని ఆగుతోందా? నోట్‌బుక్, వాట్సాప్, డ్రైవ్, వికీ, జంట షిఫ్టులలో మీ సంస్థకి ఏది సరిపోతుంది

ఆదోని జిన్నింగ్ మిల్లుల్లో పని పత్తి వచ్చే నెలల్లోనే. మళ్ళీ సీజను మొదలయ్యేనాటికి పోయినేడు రోలర్లు సర్దిన ఫిట్టరు రాయచూరు వైపు ఇంకో మిల్లులో కుదిరిపోయి ఉంటాడు. కొత్తాయన వచ్చి మొదటి పది రోజులు గింజ తెగుతోందనీ, రోలరు వేడెక్కుతోందనీ తంటాలు పడతాడు. ఆ సర్దుబాటు నిరుడు ఇదే మిల్లులో, ఇదే మిషను మీద కుదిరిందే. ఎక్కడా రాసిపెట్టలేదు, ఎవరూ పక్కన నిలబడి చూడలేదు. బేతంచెర్ల బండల పాలిష్ యూనిట్లో, ప్రొద్దుటూరు ఆడిటరు ఆఫీసులో, అనంతపురంలో డ్రిప్ సర్వీసు చేసే డీలరు దగ్గర జరిగేదీ ఇదే. ప్రభుత్వ కార్యాలయంలో బదిలీల నెల వచ్చినా అంతే.

ఇలా మనిషితో పోయే తెలివిడిని సంస్థలో నిలుపుకోవడానికి మేనేజ్‌మెంట్ చదువుల్లో నాలెడ్జ్ మేనేజ్‌మెంట్ అని పేరు. పేరు వినగానే ఏ సాఫ్ట్‌వేర్ కొనాలని అడుగుతారు. ఆ ప్రశ్నని కాసేపు పక్కన పెట్టండి. మీ దగ్గర పోతున్నది ఏ రకం తెలివిడి, అది కావలసినప్పుడు మనిషి ఎక్కడ నిలబడి ఉంటాడు, చేతికి మసి అంటి ఉంటుందా, ముందు కంప్యూటరు ఉంటుందా? ఈ మూడూ తేలితే సగం ఎంపిక అయిపోయినట్టే.

ముందు ఫోను పరీక్ష

మీ దగ్గర బాగా పనితెలిసిన మనిషిని తీసుకోండి. ఆయన ఎదుటివాడిని చూడకుండా ఫోనులో చెప్తే, కొత్తవాడు విని ఆ పని చేయగలడా? చేయగలిగితే అది కాగితం మీదికి ఎక్కుతుంది. "నువ్వొచ్చి చూస్తే గానీ తెలీదప్పా" అని ఆయన అన్నచోట కాగితం వల్ల కాదు, మనిషి పక్కన మనిషి నిలబడాలి. రెంటికీ మధ్య కొన్ని ఉంటాయి, "ఫోటో పంపు, చెప్తా" అనేవి. అవి వీడియోకి పనికొస్తాయి.

ఒకే పనిలో మూడు రకాలూ కలిసే ఉంటాయి. పత్తిలో తేమ 8 నుంచి 12 శాతం లోపల ఉండాలన్నది రాసి గోడకి అంటించొచ్చు. తేమ మీటరు ఎక్కడెక్కడ గుచ్చాలో వీడియోలో చూపొచ్చు. పైన ఆరి లోపల తడిగా ఉన్న మూటని చెయ్యి పెట్టగానే పసిగట్టడం మాత్రం ఒక సీజనంతా పక్కన నిలబడితేనే వస్తుంది. బండలు కోసేచోటా అంతే. బ్లేడుకి నీళ్ళు తగ్గితే వజ్రపు సెగ్మెంట్లు వేడికి ఊడిపోతాయన్నది ఒక్క వాక్యం. రాయిలో కంటికి ఆనని పగులు ఎటు పోతోందో, ఎటునుంచి కోస్తే విరగదో వాక్యంలో ఇమడదు.

హాన్సెన్, నోరియా, టియర్నీ అనే ముగ్గురు 1999లో కన్సల్టింగ్ కంపెనీలని చూసి ఒక మాట తేల్చారు. కొన్ని కంపెనీలు తెలిసినదాన్ని పత్రాలుగా మార్చి దాచుకుంటాయి, కొన్ని మనిషిని మనిషికి కలుపుతాయి. బాగా నడిచినవి ఒకదాన్ని ప్రధానంగా పట్టుకుని, నూటికి దాదాపు 80 వంతుల శ్రమ అందులో పెట్టి, రెండోదాన్ని 20 వంతుల తోడుగా వాడుకున్నాయి. రెండూ సమానంగా చేయబోయినవి తడబడ్డాయి. మన లెక్కలో చెప్పాలంటే ఆడిటరు ఆఫీసుకి కాగితం ప్రధానం, పాలిష్ యూనిట్‌కి మనిషి ప్రధానం. ఈ మొదటి నిర్ణయం తప్పితే తరవాత ఎంత ఖర్చుపెట్టినా కలిసిరాదు.

మిషను పక్కన నోట్‌బుక్

దీన్ని తేలిగ్గా తీసేస్తారు గానీ, పదిహేను మంది లోపు పనిచేసే, ఒకే చోటున్న యూనిట్‌కి దీన్ని మించింది కనబడదు. చేతికి గ్రీజు అంటినవాడు ఫోను తీయడు, పెన్ను పట్టుకుంటాడు. సిగ్నల్ అక్కర్లేదు, పాస్‌వర్డ్ లేదు.

రాసే పద్ధతి మీదే అంతా ఉంది. గట్టి అట్ట ఉన్న రెండువందల పేజీల లాంగ్ బుక్ తీసుకోండి. పేజీలకి నంబర్లు వేయండి. మొదటి నాలుగు పేజీలు విషయసూచికకి వదలండి. అడ్డంగా అయిదు గళ్ళు గీయండి: తేదీ షిఫ్టు, కనబడిన లక్షణం, చేసిన పని, ఫలితం, పేరు. లక్షణం గడిలో "మోటరు చెడింది" అని రాస్తే లాభం లేదు. "స్టార్ట్ చేసిన అరగంటకి ట్రిప్ అవుతోంది, పొద్దున అవడం లేదు" అని ఉండాలి, ఎందుకంటే రేపు వెతికేవాడికి కనబడేది లక్షణమే, కారణం కాదు. ఫలితం గడిలో "ఓకే" అన్న మాట రాయనివ్వకండి. పని చేయని ప్రయత్నాలు కూడా రాయించండి. "బేరింగు మార్చాం, తగ్గలేదు" అన్న వరస తరవాతివాడికి ఒక పూట మిగులుస్తుంది.

నోట్‌బుక్‌కి ఉన్న పెద్ద జబ్బు, ఒకటే ప్రతి ఉండడం. 2009 అక్టోబరులో కర్నూలు ఊళ్ళోకి నీళ్ళు వచ్చినప్పుడు కింది అంతస్తులో ఉన్న కాగితానికి దిక్కు లేదు. శనివారం సాయంత్రం ఆ వారం పేజీలన్నీ ఫోనుతో ఫోటోలు తీసి ఒక ఫోల్డర్లో వేస్తే పది నిమిషాల పని. పూర్తయిన పుస్తకాలు పై అరలో పెట్టండి. మేస్త్రి ఇంటికి తీసుకెళ్ళకుండా దారంతో మిషను స్టాండుకి కట్టండి. చూడ్డానికి మోటుగా ఉన్నా అదే పనిచేస్తుంది.

వాట్సాప్ గ్రూపు

అడగడానికి దీనంత మంచిది లేదు, దాచడానికి దీనంత చెడ్డది లేదు.

మంచి ఏమిటంటే అందరి దగ్గరా ఉంది, నేర్పక్కర్లేదు, రాయడం రానివాళ్ళు కూడా వాయిస్ మెసేజీలో తమ యాసలో విషయం పూర్తిగా చెప్తారు. పొలంలో నిలబడి డ్రిప్ ఫిల్టరు ఫోటో పెడితే అయిదు నిమిషాల్లో సీనియరు జవాబిస్తాడు. ఆ జవాబు రెండు నెలల తరవాత ఎక్కడుంటుంది? పెళ్ళి పత్రికలు, గుడ్ మార్నింగులు, సెలవు అడగడాల కింద. గ్రూపులో కొత్తగా చేరినవాడికి మామూలుగా పాత మెసేజీలు కనబడవు, అంటే అవసరం ఎక్కువున్న మనిషికే చరిత్ర దొరకదు. పాత ఫోటో నొక్కితే పంపినవాళ్ళని మళ్ళీ పంపమనమంటుంది, పంపినవాడు ఉద్యోగం మానేసి ఉంటాడు. మానేసినవాడి ఫోనులో మీ కస్టమర్ల ఆధార్ ఫోటోలు, బ్యాంకు వివరాలు అలాగే ఉంటాయి. ఆధార్, పాస్‌వర్డ్, సంతకాలు గ్రూపులో పెట్టకూడదన్నది మొదటి రోజే చెప్పవలసిన మాట.

వాడుకునే తీరు ఇది. ప్రశ్న గ్రూపులోనే అడగనివ్వండి. జవాబు వచ్చిన 24 గంటల్లో ఒక బాధ్యుడు దాన్ని నోట్‌బుక్‌లోకో డ్రైవ్‌లోకో ఎక్కించి, ఆ లింకో పేజీ నంబరో గ్రూపులో పెట్టాలి. నెలలో మూడుసార్లు అడిగిన ప్రశ్న ఏదైనా ఉంటే దానికి విడిగా పేజీ తయారవ్వాలి. ఏ విషయాలు రాయాలో తెలియడం లేదనేవాళ్ళకి వాట్సాప్ గ్రూపే మంచి సర్వే, పైసా ఖర్చు లేదు. ఖాయమైన జవాబులకి ఇంకో గ్రూపు పెట్టి, అందులో అడ్మిన్లు మాత్రమే రాసేలా సెట్టింగ్ మార్చుకుంటే చెత్త కలవదు. గ్రూపుకి అడ్మిన్లు కనీసం ఇద్దరుండాలి, ఒకరు యజమాని అయితే మేలు.

గూగుల్ డ్రైవ్ లాంటి ఉమ్మడి ఫోల్డరు

ఆఫీసు పనికి, అంటే ఆడిటరు, స్కూలు, సొసైటీ, రైతు ఉత్పత్తిదారుల సంస్థ లాంటి చోట్లకి, ఎక్కువగా ఇదే సరిపోతుంది. ఉచిత ఖాతాలో 15 జీబీ చోటు, అందులోనే మెయిలూ ఫోటోలూ కలిసి ఉంటాయి. వీడియోలు పెడితే ఏడాదిలో నిండుతుంది.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు, గుమాస్తా సొంత మెయిల్ ఐడీతో ఫోల్డరు తెరవడం. ఫైలు ఎవరి ఖాతాలో తయారైతే వాళ్ళ సొత్తు. ఆ ఖాతా పోతే ఫైళ్ళూ పోతాయి. రెండేళ్ళు ఎవరూ తెరవని ఉచిత ఖాతాని గూగుల్ తీసేయొచ్చు కూడా. సంస్థ పేరుతో ఒక ఖాతా తెరిచి, రికవరీకి యజమాని ఫోను నంబరు ఇచ్చి, అందులోనుంచి మిగతావాళ్ళకి పంచండి. డబ్బు కట్టే గూగుల్ వర్క్‌స్పేస్ ఖాతాల్లో షేర్డ్ డ్రైవ్ ఉన్న ప్లాను తీసుకుంటే ఫైళ్ళు మనిషివి కాకుండా సంస్థవిగానే ఉంటాయి.

రెండో చిక్కు వెతకడంలో. తెలుగులో ఒకే మాటని నాలుగు రకాలుగా రాస్తాం: మోటర్, మోటారు, మోటరు, మోటార్. వెతికేది ఒకటి, రాసింది ఇంకొకటి అయితే పేజీ ఉండీ లేనట్టే. పేజీ చివర "వెతుకు మాటలు" అని ఒక వరస పెట్టి ఆ నాలుగు రూపాలూ, జనం వాడే పేరూ, కంపెనీ పెట్టిన పేరూ అన్నీ రాసేయండి. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లతో కొట్టించిన పాత ఫైళ్ళు ఉంటే అవి యూనికోడ్ కావు. కంటికి తెలుగే, కంప్యూటరుకి గజిబిజి అక్షరాలు, వెతికితే ఒక్కటీ దొరకదు. వాటిలో ఇప్పటికీ వాడే వాటిని మాత్రం మళ్ళీ కొట్టించండి. ఫోను కీబోర్డులో తెలుగు వాయిస్ టైపింగ్ ఉంది, చదివి వినిపిస్తే చాలు, తప్పులు దిద్దుకోవాలి.

ఫోల్డర్లు రెండు మెట్లకి మించి లోతుకి పోనివ్వకండి. ఫైలు పేరు పని పేరుతో మొదలై, ఏడాది నెలతో ముగియాలి. "ఫైనల్", "కొత్త ఫైనల్", "సార్ చూసింది" అనే పేర్లు కనబడితే ఎవరో ఒకరు తప్పుడు రేటు కార్డుతో కొటేషన్ ఇచ్చే రోజు దగ్గర్లోనే ఉంది.

మిషను దగ్గరా ఇది పనికొచ్చే మార్గం ఒకటుంది. పేజీ లింకుకి క్యూఆర్ కోడ్ చేసి, ప్రింటు తీసి, లామినేషన్ చేయించి మిషనుకి అంటించండి. వెతకడమే ఉండదు. గనుల వైపు సిగ్నల్ లేని చోటయితే ఆ ఫైలుని ముందే ఫోనులో ఆఫ్‌లైన్‌కి పెట్టుకోవాలి.

వికీ, డబ్బు కట్టే సాఫ్ట్‌వేర్

వికీ అంటే అందరూ దిద్దగలిగే, పేజీలు ఒకదానికొకటి లింకులతో కలిసిన సొంత వెబ్‌సైటు. నూటయాభై పేజీలు దాటాయా, మూడు నాలుగు బ్రాంచీలున్నాయా, ఒక పేజీలోంచి ఇంకో పేజీకి పోవలసిన అవసరం రోజూ పడుతోందా? అప్పుడు ఆలోచించండి. అంతకుముందు కొంటే ఖాళీ ఇల్లు కట్టి జనం కోసం చూసినట్టే. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో తెలియడం వికీలో ఉన్న అసలు లాభం, రేట్లూ నిబంధనలూ తరచూ మారే చోట అది చాలా విలువైంది. మీడియావికీ, బుక్‌స్టాక్ ఉచితమే గానీ సర్వరు, బ్యాకప్ చూసే మనిషి కావాలి. ఆ మనిషి మానేస్తే అదే ఒక కొత్త సమస్య.

డబ్బు కట్టేవాటికి మూడేళ్ళ లెక్క వేయండి. మనిషికి నెలకి 400 రూపాయలు అనుకుంటే, 25 మందికి మూడేళ్ళకి 3,60,000. రోజుకూలీ 700 చొప్పున 26 రోజులకి 18,200 అవుతుంది. అంటే అదే డబ్బుతో దాదాపు ఇరవై నెలలపాటు పెద్దమేస్త్రి పక్కన ఒక కుర్రాణ్ణి నిలబెట్టొచ్చు. షాపు ఫ్లోరు ఉన్న సంస్థ ఈ రెండు అంకెలనీ పక్కపక్కన పెట్టి చూడకుండా సంతకం చేయకూడదని మా అభిప్రాయం.

కొనేముందు పరీక్ష: మీ దగ్గర నిజంగా వచ్చిన పది ప్రశ్నలు రాయండి. అయిదుగురికి ఫోను ఇచ్చి, ఒక్కో జవాబు వెతకడానికి ఒక నిమిషం ఇవ్వండి. పదిలో ఏడు కూడా దొరక్కపోతే వద్దు. తెలుగులో వెతుకుతుందా, మొత్తం సమాచారాన్ని మళ్ళీ బయటికి తీసుకోవచ్చా అన్నవి డెమో ఇచ్చే మనిషిని కూర్చోబెట్టి మీ కళ్ళ ముందు చేసి చూపించమనండి.

వీడియో

ఫోను అడ్డంగా పట్టుకుని, మొహం వదిలి చేతులు తీయండి. ఒక పని, 90 సెకన్లు. అంతకన్నా పొడవైతే రెండు ముక్కలు చేయండి. మిషను శబ్దం తీసేయకండి, పాట కలపకండి. బాగున్న బేరింగు చప్పుడూ పాడైనదాని చప్పుడూ వెనకాముందూ వినిపించే వీడియో పది పేజీలకి సమానం. ఒడిశా, రాజస్థాన్ నుంచి వచ్చిన పనివాళ్ళకీ, ఆదోని వైపు కన్నడం, కర్నూలు కడపల్లో ఉర్దూ మాట్లాడేవాళ్ళకీ మాట కన్నా చెయ్యి బాగా అర్థమవుతుంది. వీడియోలో ఏముందో రెండు వరసల్లో కింద రాయాలి, వీడియో లోపల ఎవరూ వెతకలేరు.

జంట షిఫ్టు

పనితెలిసిన పెద్దాయన పక్కన నేర్చుకునే కుర్రాణ్ణి అదే షిఫ్టులో జంటగా పెట్టడం ఇది. ఖర్చు ఎక్కువ, ఫలితమూ ఎక్కువే. కానీ "వీణ్ణి నీ పక్కన పెట్టుకో" అని చెప్పి వదిలేస్తే నెల తరవాత ఆ కుర్రాడికి వచ్చేది టీ తేవడం, స్పానర్ అందించడం. జంటకి వరస ఉండాలి. మొదటి వారం పెద్దాయన పని చేస్తూ ఏం చూస్తున్నాడో పైకి చెప్పాలి. ఇది ఆయనకి అలవాటు లేని పని, మొదటి రెండు రోజులు సూపర్‌వైజరు పక్కనుండి "ఇప్పుడెందుకు ఆపినావు?" అని అడుగుతూ ఉండాలి. రెండో, మూడో వారాల్లో కుర్రాడు చేస్తాడు, పెద్దాయన చేతులు కట్టుకుని నిలబడతాడు. కట్టుకోలేకపోవడమే ఇక్కడ వచ్చే జబ్బు: మెల్లగా చేస్తున్నాడని స్పానర్ లాక్కుంటాడు. ఈ రెండు వారాలూ ఉత్పత్తి తగ్గుతుందని ముందే ఒప్పుకుని టార్గెట్ తగ్గించకపోతే జంట నిలవదు. నాలుగో వారం కుర్రాడు తనకి అర్థమైంది పెద్దాయనకి చెప్పాలి, ఆయన దిద్దాలి. ఆ దిద్దుబాట్లే నోట్‌బుక్‌లో రాయవలసిన అసలు సరుకు, ఎందుకంటే రాయకపోతే అందరూ తప్పుగా అర్థం చేసుకునే చోట్లు అవే.

ఏది ఎంచుకున్నా తోడ్పడేవి, అడ్డుపడేవి

పనివాళ్ళు చెప్పరు, దాచుకుంటారని యజమానులు అంటారు. కొంత నిజమే. "చెప్పేస్తే ఇంక నాతో పనేముంది" అన్న భయం అర్థం లేనిదేమీ కాదు, చెప్పినవాణ్ణే ముందు తీసేసిన చోట అది నిజమైపోతుంది కూడా. అయితే గాబ్రియేల్ షులాన్‌స్కీ 1996లో ప్రచురించిన పరిశోధన వేరే వైపు వేలు చూపించింది. ఎనిమిది కంపెనీల్లో 122 పద్ధతుల బదిలీలని చూస్తే, పెద్ద అడ్డంకులు మూడు తేలాయి: నేర్చుకునేవాడికి దాన్ని అందుకునే పునాది లేకపోవడం, ఆ పద్ధతి ఎందుకు పనిచేస్తోందో చేసేవాడికే స్పష్టంగా తెలియకపోవడం, ఇద్దరి మధ్యా పొసగకపోవడం. ఇష్టం లేకపోవడం అన్నది అనుకున్నంత పెద్దది కాదు.

దీన్నిబట్టి చేయవలసింది మారుతుంది. దాచుకుంటున్నాడని తిట్టే బదులు కుర్రాడికి మీటరు చదవడం, కొలతలు, పార్టుల పేర్లు ముందు నేర్పించి తరవాత పెద్దాయన దగ్గరికి పంపాలి. ప్రతి పేజీలో "ఎందుకు" అని ఒక గడి ఉండాలి. రోలరు మీద కత్తి ఒత్తిడి ఇంత ఉంచమని మాత్రమే రాస్తే తడి పత్తి వచ్చిన రోజు ఏం చేయాలో తెలీదు. ఎక్కువైతే రోలరు వేడెక్కి తొందరగా అరుగుతుందని కూడా రాస్తే కుర్రాడు తనంతట ఆలోచించుకుంటాడు. ఇక జంట కట్టేటప్పుడు ఎవరితో ఎవరికి మాట కలుస్తుందో సూపర్‌వైజరు కన్నా టీ అంగడివాడికి బాగా తెలుసు, ఆ మాట కూడా వినండి.

డబ్బు బహుమతుల సంగతి జాగ్రత్త. పేజీకి 50 రూపాయలంటే పేజీలు వస్తాయి, పనికొచ్చేవి రావు. జిరాక్స్ కంపెనీ రిపేరు టెక్నీషియన్ల కోసం పెట్టిన యురేకా అనే వ్యవస్థలో చిట్కా పంపితే తోటి నిపుణులు పరీక్షించి, బాగుంటే రాసినవాడి పేరుతో సహా అందరికీ పెట్టేవారు. ఆ పేరే వాళ్ళకి పెద్ద ఆకర్షణ అయింది. మన దగ్గరా గోడమీది పేజీ కింద మేస్త్రి పేరు పెద్దక్షరాల్లో వేయించి చూడండి. నేర్పినందుకు మాత్రం డబ్బివ్వొచ్చు, అది పని కాబట్టి: జంట నడిచే నెల ఆయనకి కొంత అదనం కట్టండి, కుర్రాడు ఒంటరిగా చేసి చూపించాక మిగతాది.

యజమాని అడిగే ప్రశ్న అన్నిటికన్నా బలమైంది. సమస్య రాగానే "ఎవుర్రా చేసింది?" అంటే రేపట్నించి నోట్‌బుక్‌లో తప్పులు కనబడవు. "ఇది ఎక్కడ రాసుంది?" అంటే రెండు నెలల్లో అందరూ రాయడం మొదలుపెడతారు. యజమాని తనే నోట్‌బుక్ తీయకుండా మేస్త్రికి ఫోను కొడుతూ ఉంటే ఇంకెవరూ తీయరు.

ఒకటే మాటకి నాలుగు పాఠాలుండడం ఇంకో అడ్డంకి. కడపవాళ్ళకి దీని మందు కొత్తది కాదు. 1820లో కడపకి వచ్చిన బ్రౌను దొర తరవాత ఇక్కడే బంగళా కొని, పండితులని జీతాలకి పెట్టి, ఒకే కావ్యానికి ఊరూరా ఉన్న తాళపత్ర ప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టి సరిచూసి, ఒక శుద్ధప్రతి రాయించేవాడు. మీ ముగ్గురు మేస్త్రులు ఒకే పనిని మూడు రకాలుగా చేస్తుంటే అదే చేయండి. ముగ్గురినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి, తేడా వచ్చిన చోటల్లా కారణం అడిగి, ఒక పాఠం ఖాయం చేయండి. ఒప్పుకోని చోట రెండూ రాసి "ఈ పరిస్థితిలో ఇది" అని గుర్తుపెట్టండి.

ప్రభుత్వ కార్యాలయాలకి ప్రత్యేకంగా ఒక మాట. చార్జి అప్పగింత జాబితాలో బీరువాలు, కుర్చీలు, ఫైళ్ళ నంబర్లు ఉంటాయి. ఏ ఫైలు ఎందుకు ఆగింది, ఏ నెలలో ఏ రిపోర్టు ముంచుకొస్తుంది, ఏ గ్రామంలో సర్వే తగాదా ఏ దశలో ఉంది అన్నవి ఉండవు. జాబితాకి రెండు పేజీల నోటు జతచేసి, వచ్చేవారితో పోయేవారు అరపూట కూర్చుంటే, సాఫ్ట్‌వేర్ ఏదీ చేయలేని మేలు జరుగుతుంది.

కార్ల విడిభాగాల యూనిట్లు, సర్టిఫికెట్ ఉన్న ఫ్యాక్టరీలు ఐఎస్‌ఓ 9001:2015 అనే నాణ్యతా ప్రమాణంలో 7.1.6 అనే భాగం చూసి భయపడి సాఫ్ట్‌వేర్ కొంటుంటాయి. ఆ భాగం అడిగేది పనికి కావలసిన తెలివిడి ఏదో గుర్తించారా, నిలుపుకుంటున్నారా, అవసరమైనవాళ్ళకి అందుతోందా అన్నవే. ఫలానా సాధనం ఉండాలని అందులో లేదు. అయిదు గళ్ళ నోట్‌బుక్, జంట షిఫ్టు రికార్డు చూపించినా జవాబే.

మరి ఎవరికి ఏది

పాలిష్ యూనిట్, చిన్న వర్క్‌షాపు: నోట్‌బుక్, జంట షిఫ్టు, పది పదిహేను వీడియోలు. ఇంకేం వద్దు.

జిన్నింగ్ మిల్లు లాంటి సీజను పని: సీజను ఆఖరి వారం ముఖ్యం, మొదటి వారం కాదు. మనుషులు వెళ్ళిపోకముందే ఒక రోజు కూలీ అదనంగా ఇచ్చి కూర్చోబెట్టి, మిషనువారీ సర్దుబాట్లు, అరిగిన పార్టులు, వచ్చే ఏడాది ముందుగా తెప్పించవలసినవి రాయించండి. కాగితం మీద, ఫోటోతో డ్రైవ్‌లో.

డ్రిప్, సోలార్, బోరు మోటర్ల సర్వీసు: మనుషులు చెదిరి ఉంటారు కాబట్టి అడగడానికి వాట్సాప్, దాచడానికి డ్రైవ్, మధ్యలో రోజుకి ఇరవై నిమిషాలు కేటాయించిన బాధ్యుడు. ఆ బాధ్యుడు లేకపోతే మొత్తం వృథా.

ఆడిటరు, ట్యాక్స్ ఆఫీసు: డ్రైవ్, పెరిగితే వికీ. ఇక్కడ ప్రమాదం పాతబడడం. మారిపోయిన జీఎస్టీ నియమంతో ఉన్న పేజీ, పేజీ లేకపోవడం కన్నా నష్టం. ప్రతి పేజీ నెత్తిన "ఈ తేదీ వరకే నమ్మండి" అని ఒక తేదీ వేసి, అది దాటగానే బాధ్యుడు చూడాలి.

రైతు ఉత్పత్తిదారుల సంస్థ: వేరుశనగ విత్తనం ఏ రకం ఏ నేలకి ఎవరికిచ్చాం, ఎంత వచ్చింది అన్నది పట్టికలో ఉండాలి. నిల్వలో పుచ్చు ఎట్లా పట్టిందో అనుభవమున్న రైతు నోటితో వీడియోలో ఉండాలి.

మొదటి నెల

తెలిసిన మనుషుల పేర్లు రాసుకుని, ఒక్కొక్కరి ఎదుట "ఈయన పదిహేను రోజులు రాకపోతే ఏం ఆగుతుంది?" అని రాయండి. ఎక్కువ ఆగేవాటిలో పది మాత్రం తీసుకోండి, నలభై కాదు. ఒక్కో పేజీకి మాట్లాడించడం, రాయడం, సరిచూడడం కలిపి గంటన్నర పడుతుంది, అంటే పదిహేను గంటలు. పేజీలో ఎప్పుడు చేయాలి, కావలసిన సామాను, ఏడు నుంచి పన్నెండు మెట్లు, ఎందుకు, ఎక్కడ తప్పుతారు, ఎవరినడగాలి, తేదీ. రాసినాయన కాకుండా ఇంకొకరు అది చదివి చేసి చూపాలి, ఆగిన ప్రతిచోటా పేజీ దిద్దాలి. చదివి చేయించకుండా పేజీని ఖాయం చేయకండి. ఆరు నెలలకొకసారి ఒక్కో పేజీకి పావుగంట సమీక్ష చాలు.

ఎన్ని పేజీలు రాశారని లెక్కపెట్టకండి. ఒకే తప్పు మళ్ళీ జరిగిందా, కొత్తవాడు ఎన్నో రోజుకి ఒంటరిగా నిలబడ్డాడు, వాట్సాప్‌లో అడిగిందే అడగడం తగ్గిందా, ఈ మూడూ చూడండి.

మీ దగ్గర మూడు నెలల్లో రిటైరయ్యే మనిషి ఉంటే పై వరసంతా పక్కన పెట్టి ఇది చేయండి. మొదటి నెల ఆయనతో వారానికి రెండుసార్లు గంటసేపు మాట్లాడించి రికార్డు చేయండి. "ఎట్లా చేస్తారు?" అని అడక్కుండా "పోయినసారి చెడినప్పుడు ముందు ఏం చూశారు?" అని ఒక్కో సంఘటన పట్టుకుని అడగండి, అప్పుడే వివరం బయటికొస్తుంది. రెండో నెల జంట షిఫ్టు. మూడో నెల ఆయన్ని పనిమీంచి తప్పించి, కుర్చీలో కూర్చోబెట్టి, పిలిస్తేనే లేవమనండి. ఎన్నిసార్లు పిలవవలసి వచ్చిందో రోజూ గీతలు గీయండి. గీతలు తగ్గని పనులకి, రిటైరయ్యాక కూడా నెలకి రెండు రోజులు వచ్చిపోయేలా ఆయనతో ముందే రేటు మాట్లాడుకోండి.